పెద్దకొడుక్కి కుడి మోకాలు

రోజు 1

ఈ పుస్తకంలో ఏం రాయాలో కట్టుబాటు ఉంది. ఎవరిని కోశాను, ఏది తీశాను, ఏది పెట్టాను, కుట్టు ఎన్నాళ్ళకు మానింది. అంతే. దీన్ని ఎవరూ చదవరు. నేను కీళ్ళ మేస్త్రిని, నా పుస్తకం ముట్టుకుంటే స్నానం చెయ్యాలని ఈ కొండ మీద జనం నమ్మకం. అందుకే నాకు తోచింది రాసుకుంటాను.

ఈ రోజు సింహాద్రప్పడు పోయాడు. నాకు వియ్యంకుడు, మా పైడమ్మకు మామగారు. ఉప్పు మోసిన మనిషి. కింద సముద్రపు రేవు నుంచి పై వరస ఇళ్ళ దాకా పదకొండు వందల మెట్లు, వీపు మీద గోనె, నలభై ఏళ్ళు. ఒక్కసారి కూడా కాలు మడత పడలేదు. చివరికి జ్వరమొచ్చి మంచం మీద పోయాడు.

మధ్యాహ్నం శవాన్ని నా గదికి తెచ్చి, గుమ్మంలో పెట్టి, ముక్కులు మూసుకుని వెళ్ళిపోయారు. ఎప్పుడూ ఇంతే. వాళ్ళకు కావలసింది కాళ్ళ లోపలి లోహం. దాని చుట్టూ ఉన్నదంతా నాది.

రెండు లోహపు మోకాళ్ళూ తీశాను. చిప్ప కింద పసుప్పచ్చ కొవ్వు, దాని వెనక గుడ్డు తెల్లసొనలా సాగే జిగురు. ఆ జిగురు మామూలుగా తేటగా ఉండాలి. ఇతని కాళ్ళలో నలభై ఏళ్ళ అరుగుదల కలిసి బూడిద రంగు అడుసైంది. వేళ్ళకు అంటుకుంటే పోదు. మూడుసార్లు సున్నంతో రుద్దుకున్నా అంబలి గిన్నె నోటి దగ్గర పెట్టుకుంటే అదే కంపు. తాగలేక పారబోశాను.

రోజు 2

ఈ రోజు పంపకం జరిగింది.

మా అమ్మ పడుచుతనంలో ఆసుపత్రి ఓడ వచ్చేదట. సముద్రం ఊళ్ళను మింగాక కొండెక్కిన జనానికి ఆ ఓడ డాక్టర్లే మోకాళ్ళు మార్చేవారు. ఈ మెట్ల మీద మోత మోస్తే ముప్ఫై అయిదేళ్ళకు మోకాలి లోపలి మెత్తలు చిరిగిపోతాయి. ఎముకకు ఎముక రాసుకుంటుంది. సింహాద్రప్పడికి రెండు కాళ్ళకూ రెండు కొత్త లోహపు మోకాళ్ళు పెట్టిన ఏడాదే ఓడ ఆఖరుసారి వచ్చింది. ఆ తర్వాత రాలేదు. అప్పటినుంచి ఉన్న మోకాళ్ళే తిరుగుతున్నాయి. తండ్రి కాళ్ళలోంచి తీసి కొడుకుల కాళ్ళలో పెడతాం.

తీసే పనీ పెట్టే పనీ మా అమ్మ మొదలుపెట్టింది. ఆవిడ ఆ ఓడ మీద నేల తుడిచేది. చీపురు పట్టుకుని తలుపు సందులోంచి చూసి నేర్చుకున్న విద్య. నాకు అదే దక్కింది.

పంపకానికి పెద్ద అప్పలనరసయ్య వచ్చాడు. మెట్ల కట్టుబాట్లన్నీ ఆయన నోట్లో ఉంటాయి. ఇంటివాళ్ళు ఆ రెండు మోకాళ్ళకు పసుపు పూశారు. నెయ్యి పోశారు. కళ్ళకద్దుకున్నారు. సింహాద్రప్పడి పెళ్ళాం, ఆ ముసలావిడైతే ముద్దులు పెట్టింది. నిన్న దేనిలోంచి తీశానో చూసినదాన్ని, గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"ఇల్లు తొక్కేటప్పుడు ముందు పడే కాలేది? కుడికాలు. అందుకని కుడిది పెద్దోడికి. ఎడంది సిన్నోడికి. మూడోవోడుంటే ఆడికి దండం," అన్నాడు అప్పలనరసయ్య.

పెద్దకొడుకు పోలయ్య దోసిలి పట్టి కుడిది అందుకున్నాడు. చిన్నవాడు సూరప్పడు, అంటే మా అల్లుడు, ఎడమది అందుకున్నాడు. ఇందులో చెడిపోయిన కాలు ఏదన్న ప్రశ్నే రాదు. పోలయ్యకు పాడైంది ఎడమకాలు. సూరప్పడికి పాడైంది కుడికాలు. ఎవరి వాటా వాళ్ళ పాడైన కాల్లో పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే. లోహానికి కుడీ ఎడమా ఉండవు, కాలికే ఉంటాయని మా అమ్మ చెప్పేది.

నలభై అయిదో రోజున మోత పరీక్ష. ఇంటికొకరు ఉప్పు గోనెతో కింద నుంచి పైకి ఎక్కి, అదే గోనెతో మళ్ళీ దిగాలి. ఎక్కలేని ఇల్లు పై వరసలో ఉండకూడదు. అడుగు గదులకు దిగిపోవాలి. సూరప్పడిది వేరే ఇల్లు, ఆ కుడికాలితో అతను ఇప్పుడు యాభై మెట్లు కూడా దిగలేడు.

అడుగు గదులెలా ఉంటాయో నాకు తెలుసు. పై వరసల దొడ్ల నీళ్ళన్నీ అక్కడికే పోతాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం కుళ్ళిన జెల్లిచేపల్ని గుమ్మాల్లోకి తోసి పోతుంది. పిల్లలు వాటి మీదే నడుస్తారు. మా పైడమ్మకు ఇద్దరు పిల్లలు, చిన్నది ఇంకా పాకుతోంది.

రోజు 4

పోలయ్య ఎడమకాల్లో అతని వాటా పెట్టాను.

పెట్టే ముందు శుభ్రం చెయ్యడానికి సగం పూట పట్టింది. పూజ చేసిన పసుపూ నెయ్యీ లోహపు గాడుల్లో గడ్డకట్టాయి. అందులో పువ్వు రేకులు, ఒక వెంట్రుక, ముసలావిడ ముద్దు పెట్టినప్పుడు అంటిన ఆకు వక్క. వేపపుల్లతో గీకుతుంటే ఒళ్ళు జలదరించింది. మొహం పక్కకు తిప్పుకునే రుద్దాను. ఎప్పుడూ అలాగే రుద్దుతాను. తర్వాత ఉడకబెట్టాను.

కుట్టు మీద బూజు ముద్ద వేశాను. ఓడవాళ్ళు వదిలేసి పోయినవాటిలో అదొక్కటే ఇంకా బతికుంది. కుండలో అంబలి పోసి పెంచుతాను. పదిరోజులకు ఒక్క మోకాలికి సరిపడా పెరుగుతుంది. లోహాన్ని ఎముకకు అతికిస్తుంది, చీమును తింటుంది, తొమ్మిదో రోజుకు గాయం మూస్తుంది. ఎండుచేపల బుట్టలో కల్లు పోసినట్టు వాసన. దానికే దండం పెట్టాలి నిజానికి. దానికి ఎవరూ పెట్టరు.

సూరప్పడికి కుండ మళ్ళీ నిండాక పెట్టాలి. అతని వాటా నా గూట్లో ఉంది.

రోజు 13

పోలయ్య కుట్టు మానింది. నీళ్ళ వరసలో అతన్ని చూశాను.

ఊట దగ్గర వరస పొడుగ్గా ఉంది. అందరూ కాళ్ళు బిగించి హాయిగా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. పోలయ్య మాత్రం ఎడమకాలు నిలుపుకోలేక వణుకుతున్నాడు. మోకాలు నిటారుగా వచ్చినట్టే వచ్చి, మళ్ళీ కిందికి జారుతోంది. తొడ కండరాలు పీచు తేలి చెమట పడుతోంది. బిందె పక్కన పెట్టి గోడకు ఆనుకున్నాడు.

"ఏటైనాది పోలయ్యా?" అన్నాను.

"ఏటీ లేదత్తా. అయ్య ఇంకా ఒప్పుకోనేదు. ఒప్పుకుంతాడు."

ఈ మాట వింటే నాకు మండుతుంది. కాలు నిలిస్తే తండ్రి ఒప్పుకున్నాడంటారు. నిలవకపోతే ఒప్పుకోలేదంటారు. నేను పెట్టిన మోకాళ్ళలో సగం నిలుస్తాయి, సగం నిలవవు. నిలవనివాళ్ళు ఎక్కడో ఒక మెట్టు దగ్గర దిగుతూ పడతారు. ఎక్కుతూ కాదు, దిగుతూ. దిగేటప్పుడు ఒంటి బరువూ గోనె బరువూ ఒక్క వంగిన మోకాలి మీద పడతాయి.

మా ఆయన ముత్యాలు నాలుగు వందల పన్నెండో మెట్టు దగ్గర పడ్డాడు. తొమ్మిదేళ్ళయింది. శవాల మోకాళ్ళు ముట్టే నన్ను పెళ్ళాడాడని అతని తండ్రి ఒప్పుకోలేదని అప్పుడు మెట్లన్నీ కోడై కూశాయి. చావింటికొచ్చి నా మొహం మీదే అన్నారు. నేనూ నమ్మాను. తొమ్మిదేళ్ళు నమ్మాను.

రోజు 15

అడుగు గదుల నుంచి ఒకావిడ శవం వచ్చింది. తనవాళ్ళు లేరు. అలాంటివాళ్ళను సముద్రంలో వదిలే ముందు ఒంట్లో లోహముందేమో చూడమని నాకు పంపుతారు. ఈవిడ కాళ్ళలో లోహం లేదు. పుట్టిన మోకాళ్ళే.

మామూలుగా అయితే అంతటితో కప్పేసి పంపేస్తాను. కానీ నీళ్ళ వరసలో పోలయ్య వణుకు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. తర్వాత కోయవలసింది నా కూతురి మొగుణ్ణి. ఆవిడకు దండం పెట్టుకుని రెండు మోకాళ్ళూ విప్పాను. ఈసారి మొహం తిప్పుకోలేదు. రోత పుడుతూనే ఉంది, పుట్టనిమ్మని దగ్గరగా వంగాను.

తొడ ఎముక చివర రెండు బుడిపెలున్నాయి. వాటి మీద తెల్లటి నున్నటి పూత, వేలు పెడితే జారుతుంది. కింద కాలి ఎముక బల్లపరుపుగా ఉంది, దాని మీద నెలవంకల్లా రెండు మెత్తలు. రెండు బుడిపెలూ ఆ నెలవంకల్లో కూర్చుంటాయి. మధ్యలో రెండు తాళ్ళు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటుతున్నాయి. ఒకటి కాలిని ముందుకు పోనివ్వదు, ఇంకోటి వెనక్కు పోనివ్వదు. చిప్ప ముందువైపు గాడిలో పైకీ కిందికీ జారుతుంది. తొడ కండరం లాగిన బలాన్ని మలుపు తిప్పి కాలికి అందించేది అదే.

ఇదంతా నాకు కొంత తెలుసు. తెలియనిది ఇది. ఆ రెండు బుడిపెలూ ఒకలాంటివి కావు. లోపలివైపుది, అంటే రెండో కాలి వైపుది, పొడుగు. బయటిది పొట్టి. ఆవిడ కాలు పట్టుకుని మెల్లగా నిటారు చేశాను. పొట్టి బుడిపె ముందే ఆగిపోయింది. పొడుగుది ఇంకా కొంచెం దొర్లింది. అందువల్ల ఆఖరి నిమిషంలో కింది కాలు కాస్త బయటికి తిరిగి, తలుపు గడియ పడినట్టు బిగుసుకుంది. చెయ్యి వదిలినా కదల్లేదు. మళ్ళీ వంచాలంటే ముందు లోపలికి తిప్పాల్సి వచ్చింది. మోకాలి వెనక ఒక చిన్న కండ ఉంది, బతికున్నవాళ్ళకు ఆ గడియ తీసేది అదేనేమో.

నీళ్ళ వరసలో మనం గంటలు నిలబడేది ఆ గడియ మీద. పోలయ్య కాలికి గడియ పడట్లేదు.

రోజు 16

గూట్లోంచి సూరప్పడి వాటా తీశాను. అది ఎడమకాలిది. ఆవిడ ఎడమ ఎముక చివర కోసి పెట్టి చూశాను. గడియ పడింది. తీసి కుడి ఎముకకు పెట్టాను. నిటారు చేస్తే తప్పుడువైపు తిరగబోయి, తాళ్ళు అడ్డుపడి, సగంలో నిలిచి జారింది. పదిసార్లు చేశాను. పదిసార్లూ అంతే.

లోహానికీ పొడుగు బుడిపె ఉంది, పొట్టి బుడిపె ఉంది. తేడా గోరంత. పసుపు కింద, నెయ్యి కింద, నా ఏవగింపు కింద ఇరవై రెండేళ్ళు దాక్కుంది. ఓడవాళ్ళు కుడిది కుడికే, ఎడమది ఎడమకే పెట్టేవారు. సింహాద్రప్పడు నలభై ఏళ్ళు పడకపోవడానికి కారణం అదే. తలుపు సందులోంచి చూసిన మా అమ్మకు అది కనపడలేదు.

అన్నదమ్ములిద్దరూ వాటాలు మార్చుకుంటే చాలు. పోలయ్య ఎడమకాలికి ఎడమది, సూరప్పడి కుడికాలికి కుడిది. ఇద్దరూ బాగుంటారు. ఇంత తేలిక.

ఇంకో సంగతి కూడా తెలిసింది. అది ఈ రోజు రాయలేను.

రోజు 17

అంత తేలికేం కాదు.

పోలయ్య ఇంటికి వెళ్ళాను. అప్పలనరసయ్య అక్కడే కూర్చుని ఎండుచేప నములుతున్నాడు. ఇద్దరికీ మొదటి నుంచీ చెప్పాను. బుడిపెల సంగతి, గడియ సంగతి. మట్టితో చేసుకెళ్ళిన ఎముకలు చూపించాను. చేప నమిలిన చేత్తో అప్పలనరసయ్య వాటిని పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, కింద పెట్టాడు.

"మేస్త్రమ్మా, నువ్వేటి సెప్తన్నావు? పెద్దోడి వాటా సిన్నోడికి ఇచ్చీమనా?"

"వాటా కాదు బావూ. కాలు నిలవాలని సెప్తన్నాను."

"నీ అల్లుడి కాలు నిలవాలని," అంది పోలయ్య భార్య లోపలి నుంచి.

"ఇద్దరి కాళ్ళూ నిలుస్తాయే తల్లీ. ఇతని కాలు వనుకుతన్నాదా లేదా, నువ్వే సూడు."

పోలయ్య తల దించుకున్నాడు. చేతులు రెండూ ఎడమ మోకాలి మీద పెట్టుకుని దాన్ని ఎవరో లాక్కుపోతున్నట్టు పట్టుకున్నాడు.

"అత్తా, కుడిది నాది. అయ్య నా సేతిలో పెట్టించినాడు. నాను పడితే పడతాను గానీ కుడిది ఇవ్వను."

పడితే పడతాడట. పడి మెడ విరుచుకుంటే ఆ శవాన్నీ నా గుమ్మంలోనే పెడతారు. నాకు వీళ్ళ మొహాలు చూస్తే వెగటు పుట్టింది. వాటా కోసం కాలు పోగొట్టుకునే మనుషులతో ఏం మాట్లాడతాం? మట్టి ఎముకలు సంచిలో వేసుకుని వచ్చేశాను. మెట్ల మీద వస్తుంటే ఆ చేప నీచు నా మట్టి ఎముకల నుంచి కూడా వచ్చింది.

రోజు 20

పోలయ్యకు జ్వరం. కబురొచ్చింది.

వెళ్ళి గుడ్డ విప్పాను. మానిన కుట్టు ఒక పక్క తెరిచి ఉంది. తెరుచుకోలేదు, తెరిచారు. అందులోంచి పచ్చటి చీము నెయ్యితో కలిసి కారుతోంది.

"ఎవులు సేసినారిది?" అన్నాను.

ముసలావిడ చెప్పింది, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా. పెనిమిటి ఆకలితో ఉన్నాడట, అందుకే ఒప్పుకోవట్లేదట. రోజూ ఆ సందులోంచి కాస్త నెయ్యి పోసిందట, ఆయన తాగుతాడని. మొన్న కొంచెం చోడి అంబలి కూడా పోసిందట.

గుమ్మం బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను. ఇరవై రెండేళ్ళలో పని మీద ఉండగా వాంతి చేసుకోవడం ఇదే మొదలు. చీముకు కాదు. చీము నాకు కొత్త కాదు.

రేపు పొద్దున్నే తెరిచి కడగాలని చెప్పాను. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు.

రోజు 21

పోలయ్యను నా గదికి మోసుకొచ్చారు. మత్తాకు నమిలించాను. ఇంటివాళ్ళు ఎప్పటిలాగే ముక్కులకు గుడ్డలు కట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నారు. లోపలికి తొంగిచూసే మనిషి ఈ కొండ మీద పుట్టలేదు. వాళ్ళ రోతే నాకు పనికొచ్చింది.

తెరిచాను. పెరుగు విరిగినట్టు ముద్దలు. నెయ్యి లోహం మీద మైనంలా పేరింది. అంబలి గింజలు మొలకెత్తలేదు, అదొక్కటే మేలు. పోలయ్య ఎడమకాల్లోంచి ఆ కుడిది తీశాను. లోపలంతా ఉప్పునీళ్ళతో నాలుగుసార్లు కడిగాను. అప్పటికే పక్క పొయ్యి మీద సూరప్పడి ఎడమది ఉడుకుతోంది. దాన్ని తీసి పోలయ్య ఎడమకాల్లో పెట్టాను.

కాలు నిటారు చేశాను. కింది కాలు కాస్తంత బయటికి తిరిగి గడియ పడింది. నా వేళ్ళకు తెలిసింది.

కుండలో ఉన్న బూజంతా అతనికే వేసి కుట్టాను. కుడిదాన్ని ఉడకబెట్టి గూట్లో సూరప్పడి వాటా ఉన్నచోటే పెట్టాను. బయటికి వచ్చి చెప్పాను, కడిగాను, మళ్ళీ పెట్టాను అని. అబద్ధం కాదు.

"నెయ్యి పోస్తే సెయ్యి ఇరగ్గొడతాను," అని మాత్రం ముసలావిడతో అన్నాను.

రోజు 31

కుండ నిండింది. ఈ రోజు సూరప్పడికి పెట్టాను.

మత్తాకు ఇచ్చే ముందు అతనికి నిజం చెప్పాను. ఒంట్లో ఏం పెట్టుకుంటున్నాడో మనిషికి తెలియాలి. మోకాలి కింద గోనె సర్దుకుంటూ విన్నాడు. మంచివాడు, కొంచెం బద్ధకస్తుడు.

"అయితే నాకిప్పుడు అన్నయ్యది ఏత్తావా?"

"నీ కాలికి సరిపోయేది ఏత్తాను."

"కాల్లో ఏటున్నాదో నాకెందుకత్తా? నడిస్తే సాలు. ఉన్నాదంతా తోలు కిందే కదా." మత్తాకు చేతిలోకి తీసుకుని, "అన్నయ్యకి సెప్పకు. ఆడు మంచోడే. ఆడికున్నాది అదొక్కటే," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. పని మొదలుపెట్టాను. గడియ పడింది.

రోజు 45

పరీక్ష.

ఉదయం నుంచి నేను నాలుగు వందల పన్నెండో మెట్టు దగ్గర కూర్చున్నాను. ఎవరూ నా పక్కన కూర్చోరు కాబట్టి చోటుకు కరువు లేదు. గోనెలతో ఎక్కుతున్నవాళ్ళ చెమట, ఉప్పునీళ్ళ కారుడు, మెట్లన్నీ జిగటగా ఉన్నాయి.

పోలయ్య ముందొచ్చాడు. దిగేటప్పుడు ఎడమకాలు బరువు పట్టింది, వణకలేదు. నన్ను దాటుతూ చూడలేదు. సూరప్పడు అరగంట తర్వాత వచ్చాడు. పై మెట్టు మీద ఒక్క క్షణం ఆగాడు. పైడమ్మ పై వరస గోడ మీంచి వంగి చూస్తోంది, చంటిది చంకలో ఉంది. అతను కుడికాలు కిందికి వేశాడు, వంగింది, మోసింది. మళ్ళీ వేశాడు.

నాలుగు వందల పన్నెండు దాటాక నేను లేచి ఇంటికొచ్చాను. మిగతావి లెక్కపెట్టనక్కర్లేదు. నా కూతురు పై వరసలోనే ఉంటుంది.

రోజు 46

ఈ రోజు పోలయ్య ఇంట విందు. నేను గుమ్మం బయట నా గిన్నెతో కూర్చున్నాను.

పోలయ్య అందరి మధ్యా లేచి నిలబడ్డాడు. పంచె పైకెత్తి ఎడమ మోకాలు చరిచి చూపించాడు.

"అయ్య ఒప్పుకున్నాడు! కుడిది పెద్దోడిదని నాను పట్టుకుని కూకున్నాను. నెయ్యి తాగించినాం. ఒప్పుకున్నాడు!"

జనం కేకలేశారు. ముసలావిడ వంగి ఆ మోకాలికి ముద్దు పెట్టింది. అప్పలనరసయ్య చెయ్యెత్తి, పంపకానికి ఇంకా నాలుగు ఇళ్ళ మోకాళ్ళున్నాయని, కట్టుబాటు తప్పకుండా పెద్దోడికి కుడిది, చిన్నోడికి ఎడమదే వెయ్యాలని, ఇకమీదట కుట్టులో నెయ్యి పొయ్యడం కూడా కట్టుబాటేనని ప్రకటించాడు. కుడిచేతి వేళ్ళకు పులుసు అంటుకుని ఉంది. నాకేసి చూసి, "ఇన్నావా మేస్త్రమ్మా?" అన్నాడు.

నేను తలూపాను. ఛీ.

వాళ్ళను అనడం లేదు. తలూపినదాన్ని అంటున్నాను. నా అల్లుడి కాలు నిలిచింది, నా కూతురి ఇల్లు నిలిచింది, కాబట్టి నోరు మూసుకుని తలూపాను. ఇంటికొచ్చి సున్నంతో చేతులు రుద్దుకున్నాను. ఈసారి చేతులకు ఏమీ లేదు, అయినా రుద్దుకున్నాను.

రోజు 47

పాత పుస్తకాలన్నీ దింపి కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో నేను పెట్టినవి ముప్ఫై ఎనిమిది. అందులో పదిహేడు తప్పు కాలికి పెట్టాను. ఆ పదిహేడులో ఆరుగురు పడి పోయారు. పదకొండుగురు ఇంకా బతికి ఉన్నారు, మెట్లు దిగుతున్నారు, ఉప్పు మోస్తున్నారు. వాళ్ళ తండ్రులు ఒప్పుకోలేదని వాళ్ళు నమ్ముతున్నారు.

పదహారో రోజు రాయలేనన్నది ఇప్పుడు రాస్తాను. తొమ్మిదో పేరు ముత్యాలు. చిన్నకొడుకు, వాటాకు ఎడమది వచ్చింది. పాడైంది కుడికాలు. నేనే పెట్టాను. మొహం పక్కకు తిప్పుకుని రుద్ది, ఉడకబెట్టి, నా మొగుడి కాల్లో నేనే పెట్టాను. అతని తండ్రి ఒప్పుకోకపోవడమేమీ లేదు. ఆ ముసలాయన ఎప్పుడో మట్టిలో కలిశాడు, ఆయనకేం తెలుసు.

ఇన్నాళ్ళూ శవాలంటే రోత, చీము అంటే రోత, నెయ్యి పోసే మూఢులంటే రోత అనుకున్నాను. చూడాల్సింది చూడకుండా మొహం తిప్పుకున్నది నేను. ఈ కొండ మీద నాకన్నా రోత పుట్టించే మనిషి లేదు.

మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా కూతురైనా చిన్నప్పటినుంచీ ఈ గదిలో అడుగుపెట్టలేదు. మిగిలిన విందు కూర తెచ్చింది.

అక్కడే నిలబెట్టి బుడిపెల సంగతి, గడియ సంగతి చెప్పాను. పేర్లన్నీ చదివాను. తొమ్మిదోది కూడా చదివాను.

కూరగిన్నె కింద పెట్టింది.

"నానమ్మోల్లు నిన్నేటన్నారో నాకు గుర్తుంది," అంది. "నీ వొల్లే పడిపోనాడన్నారు."

"అదే నిజం."

"అప్పుడు ఆల్లన్నది అబద్దం. ఇది ఏరే." గూటి వైపు చూసింది. "అయ్యది ఏదీ?"

మగబిడ్డ లేని తండ్రి మోకాలు ఎవరికీ పోదు, గూట్లోనే ఉంటుంది. ఏటేటా పూసిన పసుపు దాని మీద పెచ్చులు కట్టింది. చూపించాను. కొంగు ముక్కు మీంచి తీసేసి, గడప దాటి లోపలికొచ్చింది. నేల మీద కూర్చుని తొట్టి ముందుకు లాక్కుంది. వేపపుల్లతో గీకడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళ నెయ్యి వేళ్ళ మధ్య నల్లగా కారింది. వాసనకు ఒకసారి డోకు వచ్చింది, ఆగింది, మళ్ళీ గీకింది. మొహం తిప్పుకోలేదు.

లోహం తెల్లబడ్డాక బొటనవేలు ఒక బుడిపె మీద, చూపుడువేలు ఇంకోదాని మీద పెట్టి చాలాసేపు తడిమింది.

"ఇది పొడుగు," అంది.

"అవును."

"ఇది ఎడంకాలిది."

"అవును."

దాన్ని తన కొంగుతోనే తుడిచి నా చేతిలో పెట్టింది.

"పద. అప్పలనరసయ్య ఇంకా ఊట కాడే ఉన్నాడు, అందరూ ఉన్నారు," అంది. "ముందిది సూపించు."